బడ్జెట్ పద్దులే ముడిసరుకు: విజయవాడ–గుంటూరు నుంచి పబ్లిక్ ఫైనాన్స్ పరిశోధన

రాష్ట్రం అప్పు ఎంత? ఈ ప్రశ్నకు విజయవాడలో ఒకే రోజు మూడు ప్రెస్‌మీట్లలో మూడు అంకెలు వినిపించవచ్చు. మూడింటికీ కాగితాలు చూపించనూ వచ్చు. ఒకరు మార్కెట్‌లో బాండ్ల ద్వారా తెచ్చిన రుణాలు, కేంద్రం ఇచ్చిన రుణాలు మాత్రమే కూడతారు. ఇంకొకరు వాటికి ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్, డిపాజిట్లు వంటి పబ్లిక్ అకౌంట్ బాధ్యతలు కలుపుతారు. మూడోవారు కార్పొరేషన్ల పేరిట తెచ్చి ప్రభుత్వం పూచీ పడ్డ అప్పులు, కాంట్రాక్టర్లకు ఇవ్వాల్సిన బిల్లులు కూడా చేరుస్తారు. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో విడదీసి చెప్పగలగడం పబ్లిక్ ఫైనాన్స్, అంటే ప్రభుత్వ రాబడి, ఖర్చు, అప్పుల మీద పనిచేసే ఆర్థికవేత్త పని. అర్థశాస్త్రంలో పీహెచ్‌డీలు మనకు తక్కువేమీ లేవు. ప్రభుత్వ పద్దు చదవగలిగిన పీహెచ్‌డీలే తక్కువ.

ఆ కొరత ఈ ప్రాంతంలో ఉండటం బాధ కలిగించే విషయం. గుంటూరుకీ విజయవాడకీ మధ్య జాతీయ రహదారి పక్కనే 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. వెలగపూడిలో సచివాలయం, శాసనసభ ఉన్నాయి. రాష్ట్ర ఖాతాలు చూసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయం విజయవాడలో ఉంది. రెండు పాత నగరపాలక సంస్థలు, వాటి మధ్య 2021లో పుట్టిన మంగళగిరి–తాడేపల్లి కార్పొరేషన్, గుంటూరు మిర్చి యార్డు, కృష్ణా డెల్టా కాలువలు అన్నీ గంట ప్రయాణంలోపే. ఢిల్లీలో కూర్చున్న పరిశోధకుడికి ఈ సౌకర్యం లేదు. అయినా ఇక్కడి థీసిస్‌లలో చాలావాటి నిండా రిజర్వు బ్యాంకు ఏటా వేసే రాష్ట్రాల బడ్జెట్ల అధ్యయనంలోని పట్టికలే కనిపిస్తాయి. పక్క వీధిలోని రిజిస్టరు జోలికి ఎవరూ పోరు. ఈ వృత్తిలో నిలదొక్కుకోవాలంటే చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఒక చిన్న పద్దును పట్టుకుని ఇరవై ఏళ్ల లెక్కను స్వయంగా కట్టుకున్నవారికి దాని మీద పేపర్లు, ప్రాజెక్టులు, ఉద్యోగం వస్తాయి. ఆ లెక్క లేనివారు ఎంత ఎకనామెట్రిక్స్ (ఆర్థిక గణాంక విశ్లేషణ) నేర్చినా అందరి దగ్గరా ఉన్న పట్టికల మీదే దాన్ని ప్రయోగించాల్సి వస్తుంది.

ఎం.ఏ. నుంచి ఫెలోషిప్ దాకా

రెండేళ్ల ఎం.ఏ.లో పబ్లిక్ ఫైనాన్స్‌కు సాధారణంగా ఒకటో రెండో పేపర్లు దక్కుతాయి. ప్రభుత్వ వస్తువుల మీద శామ్యూల్సన్ 1954లో కట్టిన సిద్ధాంతం, 1956లో టీబూ స్థానిక ప్రభుత్వాల గురించి చేసిన వాదన, 1959లో మస్‌గ్రేవ్ విడదీసిన కేటాయింపు, పంపిణీ, స్థిరీకరణ అనే మూడు విధులు, పన్ను భారం చివరికి ఎవరి మీద పడుతుందన్న విశ్లేషణ అందులో ఉంటాయి. ఇవి అక్కర్లేని పాఠాలు కావు. మిర్చి యార్డులో మార్కెట్ ఫీజు కట్టేది వ్యాపారి అయినా మోసేది రైతేనా అన్న ప్రశ్నకు ఆ సిద్ధాంతం లేకుండా జవాబు దొరకదు.

తెలుగు మీడియంలో డిగ్రీ చేసివచ్చినవారు ఇంగ్లిష్ గురించి భయపడతారు గానీ అసలు అడ్డంకి గణితం. పాక్షిక అవకలనం, పరిమితులకు లోబడిన గరిష్ఠీకరణ, మాత్రికలు, సంభావ్యత, రిగ్రెషన్ ఈ అయిదూ ఎం.ఏ. మొదటి ఏడాదిలోనే చేతికి రావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ వంటి చోట్ల ఎం.ఏ. సీటుకు సీయూఈటీ పీజీ రాయాలి. అక్కడికి వెళ్లలేకపోతే చదువు ఆగిపోయినట్టు కాదు. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఏదో ఒక జిల్లా డేటా ముందేసుకుని రోజూ గంట కూర్చుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

యూజీసీ నెట్‌లో మొదటి పేపరు 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండోది 100 ప్రశ్నలకు 200 మార్కులు. రెండూ కలిపి 3 గంటలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. 2024 జూన్ నుంచి ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. సాధారణ వర్గానికి వయోపరిమితి 30 ఏళ్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీసెట్ అధ్యాపక అర్హత ఇస్తుంది గానీ ఫెలోషిప్ ఇవ్వదు. ఈ తేడా చిన్నది కాదు. ఫెలోషిప్ లేని పరిశోధకుడు ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రోజుకు నాలుగు క్లాసులు చెప్పుకుంటూ థీసిస్ రాయాలి, ఆఫీసుల చుట్టూ తిరిగి డేటా తెచ్చుకునే పగటి సమయం అతనికి మిగలదు. కాబట్టి ఎం.ఏ. రెండో ఏడాది నుంచే జేఆర్‌ఎఫ్ మీద గురిపెట్టడం పరిశోధన నాణ్యతకు సంబంధించిన నిర్ణయం కూడా.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో 2 ఏళ్లు. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందికి మించి పరిశోధకులు ఉండకూడదు. గైడును ఎంచుకునేటప్పుడు ఖాళీ ఉందా అని అడగడంతో సరిపెట్టుకోకూడదు. ఆ గైడు చివరిసారి ప్రభుత్వ ఖాతాలతో పనిచేసింది ఎప్పుడో కూడా తెలుసుకోవాలి.

విషయం ఎంపికలో ఎక్కువమంది చేసే పొరపాటు విస్తృతి. 'ఆంధ్రప్రదేశ్ ఆర్థిక స్థితి: ఒక అధ్యయనం' అనే తరహా శీర్షిక పెట్టుకుంటే రాబడి, వ్యయం, అప్పు, లోటు అన్నీ పైపైన తాకి, కొత్తగా ఏమీ చెప్పకుండా ముగుస్తుంది. ఇక రెండో పొరపాటు ప్రశ్నావళి. పన్ను చెల్లింపుదారులు 300 మందికి ప్రశ్నావళి పంచి, 'మీరు సంతృప్తిగా ఉన్నారా' అని అడిగి, చై-స్క్వేర్ పరీక్ష చేసి అధ్యాయం నింపుతారు. పన్ను కట్టారా లేదా, ఎంత ఆలస్యంగా కట్టారు అన్నది పన్ను బాకీలు రాసే డిమాండ్ రిజిస్టరులో నమోదై ఉండగా అభిప్రాయాలతో పని ఏమిటి?

పద్దు చదవడం

పబ్లిక్ ఫైనాన్స్ పరిశోధకుడికి మొదటి ఆరు నెలల శిక్షణ ఇక్కడే కావాలి. ప్రభుత్వ లెక్కల్లో ప్రతి లావాదేవీకి నాలుగంకెల మేజర్ హెడ్ (ప్రధాన పద్దు సంఖ్య) ఉంటుంది. మొదటి అంకె 0 లేదా 1 అయితే రెవెన్యూ రాబడి. 2 లేదా 3 అయితే రెవెన్యూ వ్యయం. 4 లేదా 5 మూలధన వ్యయం, కాకపోతే 4000 అన్న హెడ్ మూలధన రాబడిది. 6 లేదా 7 రుణాలు, అడ్వాన్సులు. 8000 కంటింజెన్సీ ఫండ్, 8001 నుంచి పబ్లిక్ అకౌంట్. ఈ అమరికలో ఒక సొగసు ఉంది. వైద్యం తీసుకుంటే 0210 ఆస్పత్రుల నుంచి వచ్చే రాబడి, 2210 రోజువారీ ఖర్చు, 4210 భవనాలు, పరికరాల మీద పెట్టే మూలధనం, 6210 ఆ రంగానికిచ్చిన రుణాలు. చివరి మూడంకెలు తెలిస్తే ఒక రంగం మొత్తాన్ని నాలుగు పత్రాల్లో వెతికి పట్టుకోవచ్చు. సొంత పన్నుల్లో 0006 రాష్ట్ర జీఎస్టీ, 0030 స్టాంపులు–రిజిస్ట్రేషన్లు, 0039 ఎక్సైజ్, 0040 అమ్మకపు పన్ను–వ్యాట్, 0041 వాహన పన్ను. ఖర్చులో 2049 వడ్డీలు, 2071 పింఛన్లు. మద్యం మీద వచ్చే రాబడి 0039లో కొంత, 0040లో కొంత ఉంటుంది. ఎక్సైజ్ హెడ్ ఒక్కటే చూసి మద్యం రాబడి లెక్కగట్టినవారు సగం కథే చెప్పినట్టు.

మేజర్ హెడ్ కింద సబ్-మేజర్, మైనర్, సబ్ హెడ్, డిటెయిల్డ్ హెడ్ అంటూ మెట్లు ఉంటాయి. మైనర్ హెడ్ 800 దగ్గర జాగ్రత్త పడాలి. 'ఇతర రాబడులు', 'ఇతర ఖర్చులు' అని సర్దేసినవన్నీ అక్కడ ఉంటాయి. ఒక శాఖ ఖర్చులో 800 వాటా పెద్దగా ఉందంటే ఆ శాఖ గురించి చేసే ఏ సూక్ష్మ విశ్లేషణైనా బలహీనమే. ఆ మాట థీసిస్‌లో దాచకుండా చెప్పాలి.

తర్వాత నిలువు వరుసలు. 2025-26 బడ్జెట్ పుస్తకం తెరిస్తే 2023-24 అకౌంట్లు, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 బడ్జెట్ అంచనా అని నాలుగు వరుసలు కనిపిస్తాయి. వీటిలో జరిగినది మొదటి వరుస ఒక్కటే. మిగిలినవి ఉద్దేశాలు. కొన్నేళ్లకు అకౌంట్లు, చివరి ఏళ్లకు అంచనాలు కలిపి ఒకే గీత గీసిన పరిశోధనలు లెక్కలేనన్ని ఉన్నాయి. జీతాలు, పింఛన్లు, వడ్డీల్లో అంచనాకూ అసలుకూ తేడా తక్కువ. మూలధన వ్యయంలో తేడా పెద్దది. అందుకే అలాంటి గీతల్లో చివరి రెండేళ్లూ పెట్టుబడి హఠాత్తుగా ఎగిరినట్టు కనిపిస్తుంది. అకౌంటెంట్ జనరల్ రూపొందించే ఫైనాన్స్ అకౌంట్స్, అప్రోప్రియేషన్ అకౌంట్స్ నుంచి అసలు అంకెలు తీసుకుంటే ఈ చిక్కు రాదు. కాగ్ నెలనెలా ఇచ్చే సూచికలు తాజా పరిస్థితికి పనికొస్తాయి గానీ అవి ఆడిట్ కాని అంకెలు.

అకౌంట్లలో ఉన్నంత మాత్రాన అంతా ఖర్చయిందని కూడా కాదు. ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో ఉంటాయి. పని పూర్తయి బిల్లు పెట్టినా డబ్బు చెల్లించని ఏడాది ఆ ఖర్చు ఎక్కడా కనపడదు. బిల్లులు ఆపితే లోటు తగ్గినట్టు కనిపిస్తుంది. దీనికి తలకిందులుగా పర్సనల్ డిపాజిట్ ఖాతాల వ్యవహారం ఉంది. మార్చి చివరి వారంలో ఒక పథకం నిధులను పీడీ ఖాతాకు, అంటే 8443 కింద మైనర్ హెడ్ 106కు మళ్లిస్తే ఆ సొమ్ము ఖర్చయినట్టే నమోదవుతుంది. కానీ అది ఇంకా ఖజానాలోనే ఉంటుంది. కాబట్టి ఒక పథకం ఖర్చును అంచనా వేసేవారు 8443-106 నిల్వలు ఏడాది మొదట ఎంత, చివర ఎంత అని తప్పక సరిచూడాలి.

ఇప్పుడు మన రాష్ట్రానికే ప్రత్యేకమైన గండాలు. పన్ను బాయెన్సీ, అంటే ఉత్పత్తి పెరిగినప్పుడు పన్ను రాబడి ఎంత వేగంగా పెరుగుతుందన్న లెక్కనే తీసుకుందాం. పన్ను రాబడి 12 శాతం, రాష్ట్ర స్థూల ఉత్పత్తి 10 శాతం పెరిగితే బాయెన్సీ 1.2. కొన్నేళ్ల సిరీస్ ఉంటే రెండింటి లాగరిథమ్‌లు తీసుకుని రిగ్రెషన్ చేస్తారు. చూడటానికి సులువే. కానీ 2014-15 లెక్కలు కొత్త ఆంధ్రప్రదేశ్‌కు 2014 జూన్ 2 నుంచి 2015 మార్చి 31 వరకే ఉన్నాయి. ఏప్రిల్ 1 నుంచి జూన్ 1 వరకు లెక్క ఉమ్మడి రాష్ట్రానిది. పది నెలల మొత్తాన్ని పన్నెండుకు పెంచి వేస్తే తప్పు, ఎందుకంటే మార్చి నెల వసూళ్లు ఏప్రిల్, మే వసూళ్ల లాంటివి కావు. ఆ ఏడాదిని వదిలేయడం ఒక పద్ధతి. ఉమ్మడి రాష్ట్ర రెండు నెలల రాబడిని పునర్విభజన చట్టంలోని 58.32 : 41.68 జనాభా నిష్పత్తిలో పంచి కలపడం మరో పద్ధతి. అయితే పన్ను వసూలు జనాభాను బట్టి ఉండదు, హైదరాబాద్ ప్రభావం ఉంది కనుక ఇది ఆంధ్రప్రదేశ్ వాటాను ఎక్కువ చేసి చూపుతుంది. ఏ పద్ధతి వాడినా ఎందుకో రాయాలి, ఇంకో పద్ధతి వాడితే ఫలితం ఎంత మారుతుందో చూపాలి.

ఇంకో చిక్కు సిరీస్ మధ్యలో పన్ను విధానమే మారడం: 2005 ఏప్రిల్ 1న వ్యాట్, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాయి. జీఎస్టీ పరిహారం 2015-16 ప్రాతిపదికన ఏటా 14 శాతం వృద్ధికి హామీ ఇస్తూ 2022 జూన్ వరకు నడిచింది. అది గ్రాంటుగా వచ్చింది, సొంత పన్నుగా కాదు. దాన్ని 0006తో కలిపి బాయెన్సీ లెక్కిస్తే రాష్ట్ర పన్ను యంత్రాంగం లేని సామర్థ్యం ఉన్నట్టు కనిపిస్తుంది. 2020-21, 2021-22లో పరిహారం లోటు పూడ్చడానికి కేంద్రం అప్పు తెచ్చి రాష్ట్రాలకు ఇచ్చింది. అది రాష్ట్ర ఖాతాల్లో రుణంగా నమోదైనా తీర్చేది సెస్సు నిధి నుంచే. అప్పుల పట్టికలో దాన్ని వేరు వరుసలో చూపకపోతే ఆ రెండేళ్ల అప్పు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. జిల్లా స్థాయిలో పనిచేసేవారికి 2022 ఏప్రిల్ 4 ఇంకో గండం. ఆ రోజు 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల మధ్య చీలిపోయింది. సిరీస్ తెగకుండా ఉండాలంటే మండలాన్ని యూనిట్‌గా తీసుకుని, మండలాల మొత్తం నుంచి పాత జిల్లాను తిరిగి కట్టుకోవడమే నమ్మకమైన దారి.

గంట దూరంలో ఉన్న పరిశోధన

ఈ ప్రాంతంలో ఆస్తి పన్నును మించిన విషయం లేదు. పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 1992 నాటి 74వ సవరణ తర్వాత కూడా నగరాలు సొంత కాళ్ల మీద నిలబడేది దీనితోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి వార్షిక అద్దె విలువకు బదులు మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటును స్థానిక సంస్థ ఎంచుకోవాలి. పాత భవనాల మీద పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదు. ఈ పరిమితి వల్ల ఒకే వీధిలో, ఒకే విలువ ఉన్న రెండు ఇళ్లలో కొత్తగా అసెస్‌మెంట్ అయినది పూర్తి పన్ను కడుతుంటే పాతది ఇంకా మెట్లెక్కుతూ ఉంటుంది. ఆ తేడా ఎంత, ఎన్నేళ్లకు సమసిపోతుంది, ఏ వార్డుల్లో ఎక్కువ? ఒక మంచి థీసిస్‌కు ఈ ఒక్క ప్రశ్న చాలు.

దీనికి మూలం డీసీబీ స్టేట్‌మెంట్, అంటే డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. అక్కడ వసూలు శాతం అన్న ఒక్క మాటకు రెండు లెక్కలున్నాయి. ఉదాహరణకు పాత బకాయి 40 కోట్లు, ఈ ఏడాది డిమాండ్ 60 కోట్లు అనుకుందాం. బకాయిలో 10 కోట్లు, ఈ ఏటి దాంట్లో 50 కోట్లు వసూలైతే ఈ ఏటి డిమాండ్ మీద వసూలు 83 శాతం, బకాయితో కలిపి మొత్తం మీద 60 శాతం. పత్రికా ప్రకటనల్లో ఏది బాగుంటే అది వస్తుంది. బకాయిలోనూ అంతా రావాల్సిన సొమ్ము కాదు. ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్లు, కోర్టులో ఉన్నవి, ప్రభుత్వ భవనాలు, కూల్చేసినా జాబితాలో మిగిలినవి వేర్వేరుగా తీయాలి. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ, ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను కడితే 5 శాతం రాయితీ ఉన్నాయి. మధ్యమధ్య ప్రకటించే వడ్డీ మాఫీలు ఎగవేతదారుకే లాభం చేస్తాయి. మాఫీ ఇచ్చిన మార్చి తర్వాతి ఏడాది సకాలంలో కట్టేవారు తగ్గారా అన్నది నెలవారీ వసూళ్లతో పరీక్షించదగిన ప్రశ్న. ఆస్తి పన్నుతో పాటే రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అది పురపాలక సంస్థ సొమ్ము కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సింది. వసూలైన సెస్సుకూ జమ చేసిన సెస్సుకూ మధ్య తేడా చూడని పరిశోధన స్థానిక సంస్థ ఆదాయాన్ని ఆ మేరకు ఎక్కువ చేసి చూపుతుంది.

రిజిస్ట్రేషన్లలో ఇంకా చక్కని డేటా ఉంది. అమ్మకం దస్తావేజు మీద 5 శాతం స్టాంపు డ్యూటీ, 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, 1 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు, వెరసి 7.5 శాతం. 40 లక్షల ఆస్తికి 3 లక్షలు. దస్తావేజులో రాసిన ధర, శాఖ పుస్తకంలోని మార్కెట్ విలువ ఈ రెండింటిలో ఎక్కువైనదాని మీద ఇది పడుతుంది. అందుకే అసలు ధర ఎంతైనా దస్తావేజుల్లో ఎక్కువభాగం పుస్తక విలువ దగ్గరే గుమిగూడతాయి. పుస్తక విలువ సవరించిన తేదీకి ముందూ వెనుకా నెలల్లో ఆ గుంపు ఎలా జరిగిందో చూస్తే దాచిన విలువ గురించి ఒక అంచనా వస్తుంది. సవరణకు ముందు వారాల్లో రిజిస్ట్రేషన్లు ముందుకు జరుపుకుంటారు కాబట్టి తేదీకి అటూ ఇటూ కనీసం మూడు నెలలు పక్కన పెట్టి పోల్చాలి. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థలకు చెందిన వాటా. సబ్ రిజిస్ట్రార్ దగ్గర వసూలైన రోజుకూ పంచాయతీ ఖాతాలో పడిన రోజుకూ మధ్య ఎడం కొలిస్తే స్థానిక సంస్థల స్వయంప్రతిపత్తి గురించి పది ఉపన్యాసాలకన్నా ఎక్కువ తెలుస్తుంది.

మిర్చి యార్డులో మార్కెట్ ఫీజు విలువలో 1 శాతం. యార్డుకు రోజూ వచ్చే సరుకును టిక్కీల్లో (బస్తాల్లో) రాస్తారు, టిక్కీల బరువు ఒకేలా ఉండదు, క్వింటాళ్లలోకి మార్చకుండా పోల్చకూడదు. కోల్డ్ స్టోరేజీల దగ్గరే జరిగే అమ్మకాలు యార్డు లెక్కలోకి ఎంతవరకు వస్తున్నాయన్నదే ఇక్కడ అసలు పరిశోధన. డెల్టాలో నీటి తీరువా కూడా వదలకూడని విషయం. వరి తొలి పంటకు ఎకరానికి 200 రూపాయలు, రెండో పంటకు 150 చొప్పున దశాబ్దాలుగా కదలని రేటు కాలువల నిర్వహణ ఖర్చులో ఎంత భరిస్తుందో లెక్క తేల్చవచ్చు.

ఈ డేటా అడగగానే ఇవ్వరు. మొదట శాఖాధిపతి ద్వారా విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద ఉత్తరం పెట్టాలి. ఫలితం లేకపోతే సమాచార హక్కు చట్టం. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. దరఖాస్తు ఎక్కువగా బెడిసికొట్టేది ప్రశ్న వేసిన తీరు వల్ల. 'ఆస్తి పన్ను వసూళ్లు ఎందుకు తగ్గాయి' అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. '2015-16 నుంచి 2023-24 వరకు వార్డులవారీ వార్షిక డీసీబీ స్టేట్‌మెంట్ల నకళ్లు' అని ఉన్న కాగితాన్ని పేరు పెట్టి అడిగితే కాదనడానికి కారణం దొరకదు. వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదని దరఖాస్తులోనే రాస్తే సగం అభ్యంతరాలు తొలగుతాయి.

ఉద్యోగం, జీతం, ఎదుగుదల

ఏడో వేతన సంఘం స్కేళ్లలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 వద్ద మొదలవుతుంది. అసోసియేట్‌కు 1,31,400, ప్రొఫెసర్‌కు 1,44,200. పీహెచ్‌డీ ఉన్నవారు తొలి మెట్టు దాటడానికి 4 ఏళ్లు, లేనివారికి 6 ఏళ్లు. ఆపై 5 ఏళ్లు, 3 ఏళ్లు గడిస్తే అసోసియేట్, ఇంకో 3 ఏళ్లకు ప్రొఫెసర్ అర్హత. అంటే 28 ఏళ్లకు చేరిన పీహెచ్‌డీ అభ్యర్థి అన్నీ కలిసొస్తే 43కు ప్రొఫెసర్ కావచ్చు. వారానికి బోధన అసిస్టెంట్‌కు 16 గంటలు, పై వారికి 14.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న దారిలో మొదటి మెట్టే దొరకడం లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి నిలిచి, బోధన కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీద నడుస్తోంది. గంటల లెక్కన జీతం తీసుకునేవారికి సెలవుల్లో జీతం ఉండదు, పరిశోధన గ్రాంటుకు దరఖాస్తు చేసే హోదా కూడా చాలాచోట్ల ఉండదు. మంచి బుర్రలు ఈ రంగం వదిలిపోవడానికి కారణం ఇదే, జీతం స్కేలు కాదు. కాబట్టి ఒకే తలుపు ముందు నిలబడకూడదు. నీరుకొండ, ఐనవోలు వైపు వచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, డిగ్రీ కాలేజీలకు ఏపీపీఎస్సీ నియామకాలు, హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్), ఢిల్లీలో 1976లో స్థాపించిన పబ్లిక్ ఫైనాన్స్ పరిశోధన సంస్థ ఎన్‌ఐపీఎఫ్‌పీ వంటి చోట్ల ప్రాజెక్టు ఉద్యోగాలు సమాంతరంగా చూసుకోవాలి. 30 ఏళ్లలోపు వారికి ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ ఉంది. రాత పరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200, మూడు జనరల్ ఎకనామిక్స్ పేపర్లకే 600. పబ్లిక్ ఫైనాన్స్ చదివినవారికి ఆ పరీక్ష సిలబస్ పరాయిది కాదు.

ప్రచురణ విషయంలో ఒక హెచ్చరిక. 2022 నిబంధనలు థీసిస్ సమర్పణకు ముందు పేపరు అచ్చు తప్పనిసరి కాదన్నాయి. ఏ పత్రికలు నమ్మదగినవో చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు. ఇక డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలకు అడ్డు లేదు. అక్కడ వేసిన ఆరు పేపర్ల కన్నా ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక్క వ్యాసం ఇంటర్వ్యూలో బరువుగా నిలుస్తుంది. సొంత డేటా ఉన్నవారికి అది అసాధ్యం కాదు. ఆంధ్రప్రదేశ్ ఎకనామిక్ అసోసియేషన్ వార్షిక సమావేశాల్లో ముందు చదివి, అక్కడ వచ్చిన విమర్శతో సరిదిద్ది పంపడం తెలివైన పని.

లెక్క ఎవరికి పనికొస్తుంది

రాజ్యాంగంలోని 280వ అధికరణ కింద అయిదేళ్లకోసారి వచ్చే ఆర్థిక సంఘం రాష్ట్రాల ఆర్థిక స్థితి మీద సంస్థలతో అధ్యయనాలు చేయిస్తుంది. బి.పి.ఆర్. విఠల్ పదో ఆర్థిక సంఘం సభ్యుడు, వై.వి. రెడ్డి 14వ సంఘం అధ్యక్షుడు. పంపిణీ లెక్కల్లో తెలుగువారికి అనుభవం ఉంది. వై.వి. రెడ్డి నేతృత్వంలోనే కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది. 15వ సంఘం 41 శాతం ఇచ్చింది. రాష్ట్రాలకు వచ్చేదాంట్లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047 శాతానికి తగ్గింది. ఆ సంఘం లెక్క నడిచిన 2021-26లో పంపకానికి వచ్చిన ప్రతి 100 రూపాయల్లో రాష్ట్రాలకు 41, అందులో మనకు సుమారు 1 రూపాయి 66 పైసలు దక్కేవి. కేంద్రం వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఆ వందలోకే రావు. పంపిణీ సూత్రంలో తలసరి ఆదాయపు దూరానికి (సంపన్న రాష్ట్రం కన్నా ఎంత వెనుకబడిందన్న దానికి) 45 శాతం, 2011 జనాభాకు 15, విస్తీర్ణానికి 15, జనాభా అదుపుకు 12.5, అడవులకు 10, పన్ను ప్రయత్నానికి 2.5 శాతం తూకం ఇచ్చారు. జనాభా అదుపు చేసినందుకు వచ్చింది ఎంత, ఆదాయ దూరంలో పోయింది ఎంత అని విడివిడిగా లెక్క కట్టడం ఎం.ఏ. విద్యార్థికి మంచి అభ్యాసం. ఇదే సంఘం 2021-24 మధ్య రాష్ట్రానికి 30,497 కోట్ల రెవెన్యూ లోటు గ్రాంటు సిఫార్సు చేసి, దాన్ని మొదటి ఏటి 17,257 కోట్ల నుంచి మూడో ఏట 2,691 కోట్లకు దించింది. ఆ మూడేళ్ల లోటు విశ్లేషణలో ఈ దిగుడును పక్కన పెట్టి రాసినవారు రాష్ట్రాన్నో కేంద్రాన్నో అన్యాయంగా నిందించినట్టే.

243-ఐ అధికరణ కింద ఏర్పడే రాష్ట్ర ఆర్థిక సంఘానికి స్థానిక సంస్థల డేటా కావాలి. వార్డువారీ డీసీబీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ జమల సిరీస్ తయారుగా ఉన్న పరిశోధకుడి అవసరం అప్పుడు పడుతుంది.

ప్రభుత్వ జీతం తీసుకుంటూ ప్రభుత్వ లెక్కను విమర్శించడం కుదురుతుందా అన్న సంకోచం చాలామందిని మౌనంగా ఉంచుతుంది. కుదురుతుంది, పద్ధతి పాటిస్తే. ప్రతి అంకెకూ హెడ్ నంబరు, పుస్తకం పేరు, సంవత్సరం, ఏ వరుస అన్నది రాయాలి. అధికారంలో ఎవరున్నా అప్పుకు ఒకే నిర్వచనం వాడాలి. టీవీ చర్చకు పిలిస్తే ముందు ఆ నిర్వచనం చెప్పి తర్వాతే అంకె చెప్పాలి. కట్టుకున్న డేటా ఫైలును, దిద్దుబాట్లు ఎందుకు చేశారో చెప్పే రెండు పేజీల వివరణతో సహా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దాఖలు చేస్తే, తర్వాత వచ్చే విద్యార్థి 2014-15 పది నెలల చిక్కుతో మళ్లీ మొదటి నుంచి కుస్తీ పట్టకుండా ఆ సిరీస్‌కు తన అయిదేళ్లు కలుపుకుంటాడు.